హోదాకి తగిన గ్రాఫిక్స్ కార్డు

కోనేటిపాలెం మున్సిపాలిటీలో కంప్యూటర్ది కుర్చీ జాతి. ఎలాగంటే, పూర్వం ఎప్పుడో కంప్యూటర్లు కొనాల్సివచ్చినప్పుడు వాటికంటూ ఒక పద్దు లేకపోయింది. ఫర్నిచర్ పద్దులో మాత్రం ఆ ఏటి సొమ్ము మురిగిపోయేలా ఉంది. అప్పటి అధికారులు బుద్ధిమంతులు కనక కంప్యూటర్లని ఫర్నిచర్ కింద కొనేశారు. ఆనాటి నుంచి కుర్చీలకీ బల్లలకీ బీరువాలకీ వర్తించే నియమాలన్నీ అక్కడ కంప్యూటర్లకీ వర్తిస్తున్నాయి. వాటికి ఏటా వార్నిష్ మంజూరవుతుంది కూడా. వెయ్యరు, అది వేరే సంగతి.

పట్టణ ప్రణాళిక విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే మెండెం కరుణకుమారికి ఈ జాతి సంగతి తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా తన కంప్యూటర్ బాగా ముసలిదైపోయిందనీ, పొద్దున్నే దాన్ని నొక్కి వెళ్లి, క్యారేజీ సర్దుకుని, మొహం కడుక్కుని, పక్క సీటు వాళ్లింట్లో జ్వరాలెలా ఉన్నాయో కనుక్కుని వచ్చేసరికి అది కళ్లు తెరుస్తుందనీ. దానితో ఆవిడకి పేచీ లేదు. పాత మ్యాపులకి అది సరిపోయేది.

ఆ వేసవిలో పైనుంచి కొత్త మ్యాపు వచ్చింది. ఊరిమీద డ్రోన్లు ఎగరేసి, ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో జానెడు తేడా కూడా కనబడేలా తయారు చేసిన మ్యాపు అది. దాన్ని తెరిచి, నీళ్లు ఎటు పారతాయో చూసి, మురుగుకాలవ ప్లాను గీసి వానలు మొదలయ్యేలోపు పంపాలి. పంపిన ఊరికి కాలవ వస్తుంది. పంపని ఊరి కాలవ పక్క ఊరికి పోతుంది.

కరుణ ఆ మ్యాపు తెరిచింది. కంప్యూటర్ కాసేపు మూలిగి, తెరంతా తెల్లగా చేసి ఊరుకుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ తెలుపే. ఇంకెవరైనా అయితే హాయిగా ఆ మాటే రాసి పైకి పంపేసి టీ తాగేవాళ్లు. కరుణకి ఆ వీలు లేదు. ఆవిడ కాపురం లాకులపేటలో. ఆఫీసు ప్రహరీగోడకి అవతల పక్కనే ఆ పేట. ఒకవైపు ఈ గోడ, ఇంకోవైపు పంటకాలవ గట్టు, మధ్యలో గిన్నె అడుగులా పేట. వాన పడితే ఊళ్లో నీళ్లన్నీ అక్కడికే చేరతాయి, ఆఫీసు డాబా మీద పడ్డ నీళ్లతో సహా. తోడి పోద్దామంటే పంటకాలవలో పోయకూడదని కాలవల శాఖ, మున్సిపల్ డ్రైన్లో పోయకూడదని మున్సిపాలిటీ. ఏటా శ్రావణమాసం వచ్చిందంటే కరుణా వాళ్లూ మంచాల కింద ఇటుకలు పెట్టుకుని, బియ్యం డబ్బా అటకెక్కించి, పిల్లదాని పుస్తకాలు బీరువా నెత్తిన పెట్టి బతుకుతారు. కిందటేడు కరుణ అత్తగారు దీనమ్మ ఆ నీళ్లలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. అందుకని ఆ తెల్లటి తెర చూసి కరుణకి ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆ కంప్యూటర్ వివరాలు రాసుకుని మార్కెట్ వీధిలో రిపేరు షాపు నడిపే బాషా దగ్గరికి వెళ్లింది. మ్యాపు బరువంతా బొమ్మ గీయడంలో ఉందనీ, ఆ పనికి వేరే గ్రాఫిక్స్ కార్డు పెడితే ఈ ముసలి పెట్టే ఇంకో నాలుగేళ్లు లాగుతుందనీ అతను చెప్పాడు. చాలా ఖరీదైనది అక్కర్లేదు. పెద్ద కార్డు పెడితే దీని పవర్ సప్లై తట్టుకోదు, పెట్టె సన్నం కనక పొడుగు కార్డు పట్టదు కూడా. విడిగా కరెంటు వైరు అడగని చిన్న కార్డు, పొట్టి రకం, చవకలో దొరికేదే చాలు. పాత మానిటర్‌కి సరిపడేలా ఒక కన్వర్టర్ కలుపుకుంటే పని అయిపోతుంది. కరుణ కాస్త తేలికపడి, కార్డు బొమ్మతో సహా అర్జీ రాసి మర్నాడు సూపరింటెండెంట్ గోవర్ధనం గారి బల్ల మీద పెట్టింది.

గోవర్ధనం గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన లంచం తీసుకోడు, ఆలస్యంగా రాడు, ఎవర్నీ విసుక్కోడు. ఆయనకున్న జబ్బల్లా నియమాల మీద భక్తి. సెలవురోజుల్లో కూడా నియమావళి ముందేసుకుని, మంచి ఘట్టం వస్తే భార్యని పిలిచి చదివి వినిపిస్తాడని చెప్పుకుంటారు. అలాంటి మనిషి కార్డు బొమ్మ చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇదేంటమ్మా, గుండ్రంగా ఉంది?"

"ఫ్యానండి. కార్డు వేడెక్కకుండా ఉంటానికి."

"నీ హోదాకి ఫ్యాను లేదు కదమ్మా."

కరుణకి అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా విడమరిచాడు. ఫర్నిచర్ నియమాల్లోనే ఫ్యాన్ల అధ్యాయం కూడా ఉంది. గెజిటెడ్ అధికారికి సొంత ఫ్యాను. సూపరింటెండెంట్లకి ఇద్దరికొకటి. ఆ కింద వాళ్లకి నలుగురికొకటి. కరుణ బల్ల మీద ఇప్పటికే పావు ఫ్యాను తిరుగుతోంది. కంప్యూటర్ ఫర్నిచర్ కనకా, దాంట్లో ఒక పూర్తి ఫ్యాను బిగిస్తే అది ఆవిడ పేర స్వతంత్ర ఫ్యాను అవుతుంది కనకా, డ్రాఫ్ట్స్‌మన్‌కి గెజిటెడ్ హోదా ఇచ్చినట్టవుతుంది. ఆ అధికారం ప్రభుత్వానికి తప్ప మున్సిపాలిటీకి లేదు.

ఆ ఫ్యాను అరచెయ్యంత ఉంటుందనీ, పెట్టె లోపల తిరుగుతుందనీ, తనకి చీమంత గాలి కూడా తగలదనీ కరుణ చెప్పింది. గాలి ఎవరికి తగులుతుందన్న ప్రసక్తి నియమంలో లేదనీ, ఫ్యాను ఎవరి పేర ఉందన్నదే ఉందనీ ఆయన బాధపడుతూనే చెప్పాడు. పెట్టె మూత తీసేసి నాలుగు బల్లల మధ్య పెడితే ఉమ్మడి ఫ్యానుగా పరిగణించొచ్చేమోనని సలహా కూడా ఇచ్చాడు. పక్క సీట్ల వాళ్లు అప్పుడు కార్డులో తమ తమ పావు వాటా మీద తమకీ హక్కు ఉంటుందా అని అడిగారు. దానితో ఆ సలహా అక్కడితో ఆగింది.

కరుణ మళ్లీ బాషా దగ్గరికి పరిగెత్తింది. ఫ్యానే లేని కార్డులు కూడా ఉంటాయనీ, వాటి వీపున దువ్వెన పళ్లలా అల్యూమినియం రేకులుంటాయనీ, వేడి వాటి మీదుగా దానంతటదే పోతుందనీ అతను చెప్పాడు. జోరు కొంచెం తక్కువే గానీ మ్యాపు తెరుచుకుంటుందన్నాడు. ఆ బొమ్మ చూసి గోవర్ధనం గారు మురిసిపోయాడు. యంత్రాల్లో కూడా ఇంత అణకువ కలది ఉంటుందని తాను అనుకోలేదన్నాడు. అర్జీ పైకి కదిలింది.

పైన అంటే పట్టణ ప్రణాళికాధికారి ఫణిభూషణం గారు. ఆయన గదిలో కంప్యూటర్ ఉంది గానీ దాని ప్లగ్గు తీసేసి అక్కడ టీ కెటిల్ పెట్టుకుని చాలా కాలమైంది. ఆయన కరుణ అర్జీ చదివి, తన కంప్యూటర్‌లో ఏ కార్డు ఉందని అడిగాడు. ఏదీ లేదన్నారు. ఆయన మొహం ముడుచుకుపోయింది. కింది ఉద్యోగి కుర్చీ వీపు పై అధికారి కుర్చీ వీపు కంటే ఎత్తు ఉండరాదని ఫర్నిచర్ నియమాల్లో స్పష్టంగా ఉంది. కంప్యూటర్‌కి వీపు ఏదన్న ప్రశ్న వచ్చింది. కార్డే వీపని గోవర్ధనం గారు నిర్ణయించాడు.

"సదరు డ్రాఫ్ట్స్‌మన్‌కి కార్డు ఉండి, నాకు లేని పక్షంలో, ఈ స్థానం యొక్క ఔన్నత్యానికి భంగం వాటిల్లే ప్రమాదం ప్రస్ఫుటంగా గోచరిస్తున్నది" అని ఫణిభూషణం గారు సెలవిచ్చాడు. ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతాడో లేదో తెలియదు.

అలా గ్రాఫిక్స్ కార్డుల ఎంపిక సంఘం పుట్టింది. కమిషనర్ పరాంకుశం గారు అధ్యక్షుడు, ఫణిభూషణం గారు సభ్యుడు, గోవర్ధనం గారు కార్యదర్శి. కరుణని బొమ్మలు పట్టుకుని నిలబడటానికి పిలిచారు. పునుగులు వచ్చాయి. ఏ కార్డు ఏ పనికి అన్న మాట ఆ సమావేశంలో ఒక్కసారి కూడా రాలేదు. ఫ్యాన్ల లెక్కన తేల్చేశారు. డ్రాఫ్ట్స్‌మన్‌కి ఫ్యాను లేనిది. ప్రణాళికాధికారికి ఒక ఫ్యానుది. కమిషనర్ గారికి రెండు ఫ్యాన్లూ, రంగురంగుల లైట్లూ ఉన్నది. అది ఆటలాడే కుర్రాళ్లు కొనుక్కునే రకమనీ, సార్ గారి పెట్టెలో పట్టదనీ కరుణ మెల్లగా చెప్పబోయింది. పట్టడం, పట్టకపోవడం అన్నవి సాంకేతిక అంశాలనీ, ఇది విధాన నిర్ణయమనీ పరాంకుశం గారు ఆవిణ్ణి వారించాడు.

కార్డులు వచ్చాయి. పై నుంచి కిందికి వరసగా బిగించాలి తప్ప కింది నుంచి పైకి బిగించరాదని ఉత్తర్వు. కమిషనర్ గారి కార్డు మోచెయ్యంత ఉంది. నిజంగానే పెట్టెలో పట్టలేదు. పేరు పలక పక్కన బల్ల మీద నిలబెట్టారు. ఏసీ గాలికి దాని ఫ్యాన్లు రెండూ మెల్లగా తిరుగుతుంటే వచ్చినవాళ్లు దణ్ణం పెట్టి కూర్చునేవాళ్లు. ఫణిభూషణం గారి కార్డు బిగించారు గానీ కెటిల్ తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. మిగిలింది కరుణది. దాని అట్టపెట్టె ఆవిడ బల్ల మీదే ఉంది, సీలు తీయకుండా. తీయమని ఉత్తర్వు వచ్చేలోపు ప్రాంతీయ సంచాలకుడు గారు తనిఖీకి వచ్చాడు.

ఆయన కమిషనర్ బల్ల మీద తిరుగుతున్న ఫ్యాన్లని చూశాడు. తన ఆఫీసుకి వెళ్లి, మూడు ఫ్యాన్లది కావాలని రాశాడు. అది వచ్చేదాకా కింద ఎవరివీ బిగించరాదన్నాడు. బిగించినవి విప్పాలన్నాడు. ఆయన కాగితం అంతకు పైనున్న సంచాలకుడు గారికి వెళ్లింది. ఆయన రాజధానిలో ఉంటాడు, శాఖ మొత్తానికి పెద్ద. నాలుగు ఫ్యాన్లది దొరుకుతుందా లేదా అని కింది ఆఫీసులన్నీ గుంజాటన పడుతుండగా అసలు చిక్కు బయటపడింది. ఆ మహానుభావుడికి కంప్యూటరే లేదు. బల్ల మీద ఒక కలం, ఒక గ్లాసు నీళ్లు తప్ప ఏమీ ఉంచుకోడు. అది ఆయన నిరాడంబరత్వం. దాని మీద పేపర్లలో కూడా వచ్చింది.

గోవర్ధనం గారు ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నియమం ప్రకారం ఒక్కటే దారి ఉంది. అందరికంటే పైనున్న ఆయనకి లేనిది కింద ఎవ్వరికీ ఉండరాదు. కార్డులన్నీ లక్క సీలు వేసి బీరువాలోకి వెళ్లాయి, కరుణ బల్ల మీది అట్టపెట్టెతో సహా.

కరుణకి ఒళ్లు మండిపోయింది. పోనీ మ్యాపుని పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లి బాషా షాపులో గీసుకొస్తానంది. కంప్యూటర్ ఫర్నిచర్ అయినప్పుడు దాని లోపలిది సొరుగులో సామాను కిందికి వస్తుందనీ, సొరుగులో సామాను ఆఫీసు గడప దాటరాదనీ గోవర్ధనం గారు చెప్పాడు. ఇంటికి వెళ్తే దీనమ్మ రోజూ అడిగినట్టే అడిగింది.

"ఇచ్చారా అమ్మా ఆ ముక్క?"

"లేదత్తా. పెద్దాయనకి లేదంట, అందుకని మాకూ లేదంట."

"ఆయన కొంపలోకి నీళ్లొత్తాయా?"

కరుణ లేచి బయటికి వెళ్లింది. మంచాల కింద పెట్టడానికి ఇటుకలు తెచ్చింది.

గడువు దాటిపోయింది. ఇంకో అవకాశం ఇస్తాం గానీ ఇదే ఆఖరని పైనుంచి కబురొచ్చింది. ఆ కబురు వెనకాలే వాన వచ్చింది. ఒక రాత్రంతా కురిసి, తెల్లారాక కూడా ఆగలేదు. లాకులపేటలో నీళ్లు నడుం దాకా లేచాయి. కరుణ అత్తగార్నీ పిల్లనీ గట్టు మీదికి చేర్చి, తడిసిన చీరతోనే ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసు ఎత్తు పునాది మీద కట్టింది కనక అక్కడ ఒక్క చుక్క లేదు. ఆవిడ బల్ల మీద మెమో ఉంది. మురుగుకాలవ ప్లాను సకాలంలో సమర్పించకపోవడంలో మీ నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వవలసింది అని.

ఆవిడకి కోపం కూడా రాలేదు. వచ్చే కోపమంతా ఎప్పుడో అయిపోయింది. మెమో పట్టుకుని గోవర్ధనం గారి ముందుకెళ్లి నిలబడింది. చీర అంచుల నుంచి నీళ్లు ఆయన గచ్చు మీద కారుతున్నాయి.

"సార్, ఒక నియమం అడుగుదామని వచ్చానండి. పై అధికారికి లేనిది కింది ఉద్యోగికి ఉండకూడదు కదండీ?"

"ఉండకూడదమ్మా."

"నా ఇంట్లో నడుం దాకా నీళ్లున్నాయండి. కమిషనర్ గారి గదిలో చుక్క లేదు. మరి ఇది తప్పు కాదాండీ?"

ఆవిడ ఎగతాళికే అంది. కానీ ఎగతాళి అన్నది గోవర్ధనం గారి నియమావళిలో లేదు. ఆయన మొహం పాలిపోయింది. లేచి నిలబడ్డాడు. ఇంతకాలం, ఏటేటా, తన కళ్లముందే, గోడకవతల, ఒక డ్రాఫ్ట్స్‌మన్ కమిషనర్ కంటే ఎక్కువ నీళ్లు అనుభవిస్తూ వచ్చింది. తను చూడలేదు. ఆయన ఆవిణ్ణి కూర్చోమని, టీ తెప్పించి, నియమావళి తెరిచాడు.

మధ్యాహ్నానికి ఫైలు తయారైంది. దోషాన్ని సరిదిద్దడానికి రెండు మార్గాలున్నాయని ఆయన రాశాడు. మొదటిది, కింది ఉద్యోగి నీటిమట్టం తగ్గించడం. దానికి కాలవ కావాలి, కాలవకి ప్లాను, ప్లానుకి కార్డు, కార్డుకి సంచాలకుడు గారు కంప్యూటర్ కొనుక్కోవడం. రెండోది, పై అధికారి నీటిమట్టం పెంచడం. ఇది కమిషనర్ గారి సొంత అధికార పరిధిలోనే ఉంది కనక వెంటనే అమలు చెయ్యొచ్చు. 'తమ హోదాకి జరిగిన భంగాన్ని సరిదిద్దుట గురించి' అని పైన విషయం రాసి కమిషనర్ గారి ముందు పెట్టాడు. పరాంకుశం గారు విషయం వరకూ చదివాడు. చాలా సంతోషించి, సంతకం పెట్టి, వాన వల్ల త్వరగా భోజనానికి వెళ్లిపోయాడు.

ఉత్తర్వు చేతికి రాగానే కరుణ ఇంక ఆలోచించలేదు. ఆవిడ భర్త ప్రభుదాసు రైతులకి ఆయిలింజన్లు అద్దెకిచ్చేవాడు. పేటలో వాళ్లంతా కలిసి నాలుగు ఇంజన్లు గోడ పక్కకి లాగారు. పైపులు గోడ మీదుగా కమిషనర్ గారి కిటికీలోకి దించారు. వరద సహాయం కోసం వచ్చి, ఏనాడూ గోడ దాటని ఇసుక బస్తాలు వరండాలో గుట్టగా ఉన్నాయి. నీళ్లు బయటికి పోకుండా వాటిని గోవర్ధనం గారే దగ్గరుండి గది గుమ్మానికి అడ్డంగా నడుం ఎత్తున పేర్పించాడు. ఆ ఎత్తు దాటిన నీళ్లు వెనక కిటికీ గుండా ఆఫీసు డ్రైన్లో పడ్డాయి. ఊరు మొత్తంలో బాగా కట్టిన డ్రైను అదొక్కటే. లాకులపేట వాళ్లు ఇన్నేళ్లూ ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి అడిగింది ఆ డ్రైన్లోకి దారే. కమిషనర్ గారి గది మీదుగా ఇప్పటికి దొరికింది.

పరాంకుశం గారు భోజనం చేసి వచ్చేసరికి ఆయన కుర్చీ తేలుతోంది. పేరు పలక గుమ్మం దగ్గరికి వచ్చి బస్తాలకి ఆనుకుని ఉంది. ఆయన బస్తాలెక్కి అవతలికి దిగబోయి, నడుం దాకా మునిగి, బల్ల మీదికి ఎక్కి కేకలేశాడు. గోవర్ధనం గారు బస్తాల ఇవతల చేతులు కట్టుకుని నిలబడి, దోషం సరిదిద్దబడుతోందనీ, ఇంకో గంటలో ఆయన హోదా పూర్తిగా నిలబడుతుందనీ వినయంగా మనవి చేశాడు. సంతకం చూపించాడు. పరాంకుశం గారు ఆ సంతకం తనదేనని పోల్చుకున్నాడు.

తర్వాత ఆయన నోట ఉద్యోగంలో చేరాక మొదటిసారి మామూలు తెలుగు వచ్చింది.

"అమ్మా కరుణా, ఏం చేస్తే ఇది ఆగుద్ది?"

"కాలవ వస్తే ఆగుద్దండి. ప్లాను గీస్తే కాలవ వస్తది. కార్డు పెడితే గీస్తానండి."

ఆయన బల్ల మీద నిలబడే బీరువా తాళంచెవులు విసిరాడు. సంచాలకుడు గారికి కంప్యూటర్ లేదు కదా అని గోవర్ధనం గారు గుర్తు చేశాడు. సంచాలకుడు గారి గదిలో నీళ్లు కూడా లేవని పరాంకుశం గారు అరిచాడు. ఆ వాదనలో బలం ఉందని గోవర్ధనం గారు ఒప్పుకున్నాడు. కరుణ సీలు పగలగొట్టి, ఫ్యాను లేని ఆ చిన్న కార్డుని తనే బిగించుకుంది. మ్యాపు తెరుచుకుంది. ఊరంతా పచ్చగా, మధ్యలో లాకులపేట ఒక్కటే ముదురు నీలంగా కనబడింది. ఆవిడ కళ్లు తుడుచుకుని కాలవ గీయడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ప్లాను వెళ్లిపోయింది. కాలవ సంగతి అది వచ్చినప్పుడు చూడాలి. పరాంకుశం గారు బల్ల మీద నుంచే కిటికీ అవతలికి చూసి, ఇంక ఇంజన్లు ఆపమన్నాడు. కర్ర ఊతంతో గట్టు దిగి వచ్చి పైపు పట్టుకుని నిలబడ్డ దీనమ్మ తల అడ్డంగా ఊపింది.

"తప్పండి బాబూ. మా ఇంట్లో ఇంకా సీలమండల దాకా ఉన్నాయి. ఇంజన్లు ఆపితే మీ గదిలోయి కారిపోయి మాకే ఎక్కువైపోతాయి. మీకంటే మాకు ఎక్కువుండకూడదంట కదండీ."

ప్రభుదాసు ఇంకో డబ్బా డీజిలు పోశాడు.